మీ నాన్న పరిగెత్తుకొని రాలేదని దిగులు పడకు తమ్ముడూ

ప్రశ్న: అక్కా వందనాలు. మాది రాజాం దగ్గర పల్లె, నాకు 27 ఏళ్ళు. అమ్మ నేను పుట్టకముందు నుంచే చర్చికి వెళ్తాది, నాన్న రాడు, ఆయనకి పైడితల్లమ్మే. చిన్నప్పుడు నేను ఎవరి మాటా వినేవాణ్ణి కాదు. సండేస్కూల్ కానుకల డబ్బులు కొట్టేసేవాణ్ణి, తొమ్మిదో తరగతిలో హాస్టల్ గోడ దూకి పారిపోయాను, ఒకసారి కోపంలో అమ్మ బైబిల్ పట్టుకెళ్ళి నూతిలో పడేశాను. నాన్న బెల్టుతో కొట్టేవాడు, ఎంత కొడితే అంత మొండికేసేవాణ్ణి. ఇంటర్ సెకండియర్లో చెల్లి కమ్మలు, అరతులం, తాకట్టు పెట్టేసి సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను, మళ్ళీ విడిపించలేదు, చెల్లికి తర్వాత పెళ్ళయిపోయింది. తర్వాత చెన్నై పోయి సెంట్రింగ్ పనిలో చేరాను. అక్కడ రూమ్‌లో పాలకొండ వైపు మేస్త్రి ఒకాయన ఉండేవాడు. నాకు కామెర్లు వచ్చినప్పుడు గంజి కాచి పోసింది ఆయనే. ఏ రోజూ నాకు వాక్యం చెప్పలేదు, రాత్రిపూట తన బైబిల్ తను చదువుకునేవాడు, అంతే. ఒకరోజు నేనే అడిగి తీసుకొని లూకా సువార్త చదివాను, అక్కడ్నించి నేను మనిషినయ్యాను. ఇప్పుడు ఇంటికొచ్చేశాను. పాస్టర్ గారు బాప్తిస్మం ఇస్తామన్నారు, యూత్ మీటింగ్‌లో సాక్ష్యం చెప్పమంటున్నారు, చేసినవన్నీ చెప్పు, కుర్రాళ్ళు మారతారు అంటున్నారు. నాన్న మాత్రం నాతో మాట్లాడట్లేదు, "ఇదో కొత్త ఏసం" అన్నాడు. విజయనగరం సిరిమాను ఉత్సవానికి రమ్మంటే రానన్నాను, దాంతో ఇంకా గొడవ. మొన్న మా బాబాయి కొడుకు ఏదో అంటే కాలర్ పట్టుకున్నాను, కొట్టినంత పనైంది. నా విశ్వాసం నిజమేనా అక్కా? తప్పిపోయిన కుమారుడు తిరిగొస్తే తండ్రి పరిగెత్తుకొచ్చాడు కదా, మా నాన్న ఎందుకు రాడు?

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరంలో ఆఖరి ముక్క దగ్గర్నించే మొదలుపెడతాను, మిగతా ప్రశ్నలన్నీ అందులోంచే పుట్టాయి అనిపించింది నాకు. లూకా 15లో యేసు చెప్పిన ఆ కథలో పరిగెత్తుకొచ్చిన తండ్రి దేవుడు, మీ నాన్న కాదు. ఆ తండ్రి నిన్ను వెతుక్కుంటూ చెన్నైలోనే వచ్చేశాడు, నీకు గంజి కాచి పోసిన చేతుల్లో వచ్చాడు, నువ్వు చదివిన ఆ పుస్తకంలో వచ్చాడు, ఆ కౌగిలింత నీకు అందింది కాబట్టే నువ్వు ఇంటికి రాగలిగావు. మీ నాన్న మామూలు మనిషి. కొడుకు హాస్టల్ నుంచి పారిపోయాడని ఊళ్ళో నలుగురి ముందు తలదించుకున్న మనిషి, కూతురి పెళ్ళికి ఆ కమ్మల బదులు మళ్ళీ ఎక్కడ అప్పు తెచ్చి ఏం చేయించాడో బహుశా ఎవరికీ చెప్పుకోని మనిషి. దేవుడు చేసేంత పని ఆయన చెయ్యలేదని నువ్వు అలిగితే ఎలాగ చెప్పు.

ఇంకోటి కూడా చూడు, ఆ కొడుకు ఇంటికి బయల్దేరినప్పుడు నాన్న నన్ను కౌగిలించుకుంటాడు అనుకొని బయల్దేరలేదు. నన్ను నీ కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో అని అడుగుదాం అనుకున్నాడు, దారిపొడుగునా ఆ మాటలే అనుకుంటూ వచ్చాడు. కూలివాడిగా ఉండడానికి ఒప్పుకొని వచ్చినవాడు వాడు. నువ్వు కూడా ఆ మనసుతో ఇంట్లో ఉండు కొన్నాళ్ళు. పొద్దున్నే లేచి గేదెలకి గడ్డి వెయ్యి, నాన్న పొలం వెళ్తుంటే వెనకాల వెళ్ళి ఆయన చెప్పకుండానే గట్టు చెక్కు, ఆయన మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. నీ మాట మీద ఆయనకి నమ్మకం ఎందుకు ఉండాలి, నువ్వు చిన్నప్పట్నించి మాటలే కదా ఇచ్చావు, ఇంక చెయ్యను నాన్నా, ఇదే ఆఖరు నాన్నా అని ఎన్నిసార్లు అనుంటావు.

పౌలు సంగతే తీసుకో, మొదట విశ్వాసుల్ని హింసించినవాడు, దమస్కు దారిలో అంత వెలుగు చూశాక కూడా యెరూషలేం వెళ్తే అక్కడి విశ్వాసులు ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు, భయపడ్డారు, వీడు శిష్యుడంటే నమ్మలేదు (అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చదువు). అప్పటికి ఆయన మారి మూడేళ్ళయింది, గలతీయులకి రాసిన పత్రికలో ఆయనే చెప్పుకున్నాడు. అప్పుడు బర్నబా అనే ఒక మనిషి చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి, ఇతను నిజంగా మారాడు, నాకు తెలుసు అని పూచీ పడ్డాడు. చర్చిలో వాళ్ళే నమ్మనప్పుడు చర్చికే రాని మీ నాన్న వేషం అనుకున్నాడంటే అది క్రీస్తుని కాదనడం కాదు, నిన్ను నమ్మలేకపోవడం, ఈ రెండూ కలిపేసుకొని నాన్న దేవుడికి వ్యతిరేకి అనే లెక్కలోకి మాత్రం వెళ్ళకు. నీకూ ఒక బర్నబా ఉన్నాడు చూడు, ఆ మేస్త్రి గారు. ఆయన సొంతూరు వచ్చినప్పుడు ఒకపూట మీ ఇంటికి భోజనానికి పిలువు. ప్రార్థన పెట్టించడానికి కాదు, ఊరికే భోజనానికి. మీ నాన్నకి తన వయసు మనిషి, పని చేసుకు బతికే మనిషి, నీ గురించి రెండు ముక్కలు చెప్తే అది నువ్వు చెప్పే వంద మాటల కన్నా ఎక్కువ పని చేస్తాది.

ఇప్పుడు సాక్ష్యం సంగతి. దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను. నేను విజయనగరంలో ఈ మీటింగులు చూస్తూ పెరిగినదాన్నే, మనవాళ్ళలో ఒక అలవాటు ఉంది, ఎంత చెడిపోయినోడైతే అంత గొప్ప సాక్ష్యం అన్నట్టు, తాగుడు, దొంగతనం, గొడవలు అన్నీ అరగంట చెప్పించి ఆఖరి రెండు నిమిషాల్లో ప్రభువు దగ్గరికి వస్తారు. వినేవాళ్ళకి గుర్తుండేది కూడా ఆ మొదటి అరగంటే. అంతకన్నా పెద్ద సంగతి, నువ్వు చెప్పబోయే కథ నీ ఒక్కడిది కాదు. ఆ కమ్మలు నీ చెల్లివి. మన వైపు మైకు పెడితే మూడు వీధుల అవతలికి వినిపిస్తుంది, పైగా ఇప్పుడు ప్రతి మీటింగూ ఫోన్లో వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టేస్తున్నారు, అది తిరిగి తిరిగి చెల్లి అత్తారింటికి చేరుతుంది. "మీ అన్న నీ బంగారం కూడా తాకట్టు పెట్టేశాడంట కదా, పెళ్ళికి పెట్టినవి ఎవరివి మరి" అని ఆవిడ అత్తగారు అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలి? మీ నాన్న బెల్టు సంగతి స్టేజి మీద చెప్తే ఆయన మర్నాడు రచ్చబండ దగ్గర ఎలా కూర్చుంటాడు? నీకు విడుదల దొరికింది కదా అని వాళ్ళ పరువు ఖర్చు పెట్టకూడదు. చెల్లి ఒప్పుకోకుండా ఆవిడ పేరొచ్చే ముక్క ఒక్కటి కూడా మైకులో చెప్పొద్దు, నాన్న ముక్క అసలే వద్దు.

మార్కు సువార్త 5లో గెరాసేనుల దేశంలో సమాధుల్లో తిరిగే ఒక మనిషి ఉంటాడు, గొలుసులు తెంపుకుంటూ, రాళ్ళతో తన్ను తాను కోసుకుంటూ. ప్రభువు అతన్ని బాగుచేశాక అతను నీతో వస్తాను అని బతిమాలాడు, ప్రభువు ఒప్పుకోలేదు, మీ ఇంటికి, నీ వాళ్ళ దగ్గరికి వెళ్ళు అన్నాడు. అంతటి సాక్ష్యం ఉన్నవాణ్ణి ఆయన ఊరూరా తిప్పుకోలేదు, ముందు ఇంటికి పంపించాడు. నీ వరస కూడా అదే అనుకుంటున్నాను. నువ్వు సెంట్రింగ్ పని చేసినవాడివి, స్లాబ్ పోసిన మర్నాడే జాకీలు తీసేస్తే ఏమౌతుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు, నీ మీద స్టేజి బరువు పెట్టడానికి ఇంకా టైమ్ ఉంది. ఏడాది పోనీ, రెండేళ్ళు పోనీ. అప్పుడు చెప్పినప్పుడు కూడా ఎలా చెప్పాలో అంటే, ఆగస్టీన్ అని నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన ఒకాయన, ఆయన కుర్రతనం కూడా నీలాంటిదే, పెద్దయ్యాక బిషప్ అయ్యాడు. తన పాపాలు రాసుకుంటూ అందులో చాలా చోటు దేనికి ఇచ్చాడో తెలుసా, 16 ఏళ్ళప్పుడు ఫ్రెండ్స్‌తో కలిసి పక్కవాళ్ళ చెట్టు పళ్ళు దొంగిలించినదానికి. ఆకలై కాదు, ఆ పళ్ళు చాలావరకు పందులకి పడేశారు, చెయ్యకూడదు కాబట్టే చేశాం, అందులోనే మజా ఉంది అని రాసుకున్నాడు. వినేవాళ్ళు నోరు వెళ్ళబెట్టే కథ కోసం వెతకలేదాయన, తన మనసు ఎక్కడ వంకరపోయిందో అది చూపించాడు. నీ సండేస్కూల్ కానుకల డబ్బా కథ చాలు తమ్ముడూ, ఎవరి పరువూ పోని కథ, అందులో నువ్వు తప్ప ఇంకెవరూ లేరు.

ఆగస్టీన్ అనగానే అమ్మ గుర్తొచ్చింది, నీ ఉత్తరంలో అమ్మ గురించి మొదట్లో ఒక ముక్క రాసి వదిలేశావు. ఆయన తల్లి మోనికా కొడుకు కోసం ఏళ్ళ తరబడి ఏడ్చి ప్రార్థన చేసింది, ఆయన 387లో ఈస్టర్‌కి మిలాన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు, అదే ఏడు ఆవిడ చనిపోయింది, చూసి పోయింది. మీ అమ్మ బతికుంది, పక్క గదిలో ఉంది. నూతిలో పడేసిన బైబిల్ సంగతి అమ్మ దగ్గర ఎప్పుడైనా నోరు తెరిచి క్షమించమని అడిగావా? అడిగి ఉండవు, అమ్మకి ఎలాగూ సంతోషమే కదా అనుకొని ఉంటావు. అడుగు. ఇంకోటి, "నాన్నకి చెప్పమ్మా" అని ఆవిణ్ణి మధ్యవర్తిని చెయ్యొద్దు, ఇన్నేళ్ళూ మొగుడి కోపానికీ కొడుకు మొండితనానికీ మధ్య నలిగింది ఆవిడే.

కమ్మలు. ఈ ఉత్తరంలో నీ చేతుల్లో పూర్తిగా ఉన్న పని ఇదొక్కటే, అందుకే ఇది ముందు చెయ్యాలి. తాకట్టులో నీకు అప్పుడు ఎంత డబ్బు వచ్చిందో అది తిరిగిచ్చేస్తే సరిపోదు, నువ్వు తీసింది డబ్బు కాదు, బంగారం. అరతులానికి అరతులం చేయించు, ఈరోజు రేటెంత ఉంటే అంత, కూలీ తరుగు కూడా నీదే. సంఖ్యాకాండము 5లో ధర్మశాస్త్రం ఏం చెప్తుందంటే తీసుకున్నది పూర్తిగా ఇచ్చి దాని మీద ఐదో వంతు కలపాలి. లూకా సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య అయితే ఎవరిదైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు ఇస్తానన్నాడు, అదీ ప్రభువు ఇవ్వమని అడక్క ముందే తనంతట తనే. నీ కూలి డబ్బుల మీద నాలుగింతలు అవ్వకపోవచ్చు, ఐదో వంతు అవుతుంది. అది పాపానికి ధర కట్టడం అనుకోకు, ధర సిలువ మీద కట్టేశారు, నువ్వు కట్టేది చెల్లి బాకీ. నెలనెలా కొంచెం కొంచెం దాచుకొని చేయించినా పర్లేదు, కానీ మొదలుపెట్టినట్టు చెల్లికి చెప్పు. ఫోన్లో ఏడవకు, ప్రభువు నన్ను మార్చాడు అనే ప్రసంగం ఎత్తుకోకు, "నేను నీ కమ్మలు తీసుకున్నాను, తప్పు చేశాను, ఫలానా నెలకల్లా చేయించి ఇస్తాను, మీ అత్తారింట్లో ఎవరికీ తెలియక్కర్లేదు, నీకు ఎప్పుడు ఎలా వీలైతే అలా తెచ్చిస్తాను" అను. ఆ పిల్ల తిడితే తిట్టించుకో. ఫోన్ పెట్టేస్తే ఇంకో వారం ఆగి మళ్ళీ చెయ్యి.

బెల్టు గురించి. నువ్వు ఒక్క వాక్యంలో రాసి దాటేశావు గానీ నేను దాటను. పిల్లాణ్ణి బెల్టుతో కొట్టడం తప్పు. నువ్వు ఎంత అల్లరి చేసినా అది తప్పే, తండ్రుల్ని గౌరవించమని రాసిన అదే ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో రెండు వచనాలు దాటగానే తండ్రులారా మీ పిల్లలకి కోపం రేపకండి అని కూడా ఉంది. కాబట్టి మీ నాన్నని క్షమించడం అంటే ఆయన చేసింది మంచి పనే అని ఒప్పుకోవడం కాదు. అలాగని నువ్వు ఇప్పుడు క్షమాపణ అడగడానికి వెళ్ళి, నువ్వు కూడా నన్ను కొట్టావు కదా నాన్నా అని ఆయన తప్పు బయటికి తీయొద్దు, నీ వంతు నువ్వు చెప్పుకొని వచ్చెయ్, ఆయన వంతు ఆయనకీ దేవుడికీ వదిలెయ్. కానీ ఆ దెబ్బలు ఇంకా కలలోకి వస్తున్నా, ఎవరైనా చెయ్యెత్తితే ఒళ్ళు బిగుసుకుంటున్నా దాన్ని సాతాను శోధన అని ప్రార్థనతో అణిచేసుకోకు, మేస్త్రి గారితో చెప్పుకో, లేదంటే టెలి మానస్ అని ప్రభుత్వం నడిపే నంబరుంది, 14416, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అక్కడ మాట్లాడితే విశ్వాసం తక్కువైనట్టు కాదు, కామెర్లొస్తే నువ్వు డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదా ఏంటి.

ఇంక కాలర్ పట్టుకున్న సంగతి. జాన్ న్యూటన్ అని ఇంగ్లండ్‌లో ఒకాయన. ఏడేళ్ళు నిండకుండానే తల్లి పోయింది, కుర్రాడప్పుడు నేవీ నుంచి పారిపోయి దొరికిపోయి కొరడా దెబ్బలు తిన్నాడు, దేవుణ్ణి తిట్టడంలో ఓడలో అందరికన్నా ముందుండేవాడు. 1748లో సముద్రంలో పెద్ద తుఫానులో ఓడ మునిగిపోబోతుంటే దేవుడా అన్నాడు, అక్కడ మొదలైంది ఆయన విశ్వాసం. అయితే ఆ తర్వాత కూడా 1754 దాకా బానిసల ఓడల్లోనే పని చేశాడు, కెప్టెన్ అయ్యి మరీ ఆఫ్రికా మనుషుల్ని గొలుసులేసి తీసుకెళ్ళాడు, అటు ఓడలో బైబిల్ చదువుకుంటూనే. ఆ వ్యాపారం పాపమని, అందులో తను ఉన్నందుకు సిగ్గుపడుతున్నానని బహిరంగంగా రాసింది 1788లో, అంటే తుఫాను అయిన 40 ఏళ్ళకి. ఇది చెప్పి నీ కోపాన్ని వెనకేసుకు రావట్లేదు, ఆయన ఆలస్యానికి ఎంతమంది బతుకులు పోయాయో ఆలోచిస్తే గుండె తరుక్కుపోతుంది. నేను చెప్పేది ఏంటంటే విశ్వాసం మొదలైన రోజునే మనిషి పూర్తవ్వడు, కాబట్టి కోపం వచ్చింది అంటే విశ్వాసం అబద్ధం అని కాదు, కానీ కోపం మీద పని ఈరోజే మొదలవ్వాలి. బాబాయి కొడుకు దగ్గరికి వెళ్ళి, వాడు అన్నది తప్పే అయినా సరే, కాలర్ పట్టుకోవడం నా తప్పు అని చెప్పు, ఈ వారంలోనే చెప్పు. పాత నువ్వు ఆ పని చచ్చినా చేసేవాడివి కాదు కదా.

సిరిమాను విషయంలో నేను చెప్పేది కొంతమంది పాస్టర్లకి నచ్చకపోవచ్చు, అయినా నాకు సరైంది అనిపించిందే చెప్తాను. దసరా అయిన మంగళవారం, ఆ పొడుగాటి చింతమాను కొసన పూజారి కూర్చొని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే ఆ ఊరేగింపు మీ నాన్నకి ఒట్టి పూజ మాత్రమే కాదు, నిన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకొని చూపించిన రోజు కూడా అయ్యుంటుంది. నిన్ను రమ్మన్నాడంటే ఇన్నాళ్ళకి ఆయన నీతో మాట్లాడిన మాట అది, అదే ఆయన చేతనైన పిలుపు. నువ్వు ఆయనకి రాను అని చెప్పావు, పూజ చెయ్యను అని చెప్పి ఉండాల్సింది. రెండో రాజుల గ్రంథం 5లో సిరియా సేనాధిపతి నయమాను ఉంటాడు కదా, కుష్ఠు బాగయ్యాక యెహోవాకి తప్ప ఎవరికీ బలి అర్పించను అన్నవాడు, అతను ఎలీషాని ఒక సంగతి అడిగాడు, మా రాజు రిమ్మోను గుడికి మొక్కడానికి వెళ్ళినప్పుడు నా చెయ్యి ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగాల్సొస్తాది, దాన్ని దేవుడు క్షమిస్తాడా అని. ఎలీషా అతనికి క్లాసు పీకలేదు, నెమ్మదిగా వెళ్ళిరా అని పంపాడు. నువ్వు మొక్కక్కర్లేదు, బొట్టు పెట్టించుకోక్కర్లేదు, నాన్నకి ముందే మర్యాదగా చెప్పు, "నాన్నా నేను కొబ్బరికాయ కొట్టను గానీ నిన్ను బస్సెక్కించి తీసుకెళ్ళి, ఆ జనంలో పక్కనుండి, మళ్ళీ ఇంటికి తీసుకొస్తాను" అని. ఆ రద్దీలో ఆయన వయసుకి ఒక చెయ్యి కావాలి. నీ మనస్సాక్షి అక్కడ నిలబడ్డానికి కూడా ఒప్పుకోకపోతే బలవంతం లేదు, విజయనగరం దాకా వెళ్ళి బస్టాండులో కూర్చొని ఆగు, కానీ వెళ్ళు.

బాప్తిస్మం ఆపుకోవద్దు. కోపం పూర్తిగా తగ్గాక, నాన్న మాట్లాడాక, కమ్మలు ఇచ్చేశాక అని వాయిదా వేసుకుంటూ పోతే అది మంచి మార్కులొచ్చాక తీసుకునే సర్టిఫికెట్ అయిపోతాది, అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్ళు కనపడగానే రథం ఆపించి తీసుకున్నాడు. మన వైపు 1870ల్లో కెనడా మిషనరీలు మొదలుపెట్టిన ఈ బాప్టిస్టు సంఘాల్లో బాప్తిస్మానికి ముందు కొన్ని వారాలు కూర్చోబెట్టి నేర్పిస్తారు, శ్రద్ధగా కూర్చో, అర్థం కానివి అడుగు. తేదీ ఖాయమయ్యాక నాన్నకి నువ్వే చెప్పు, ఊళ్ళో వాళ్ళ నోట ఆయన వినకూడదు. రమ్మని పిలువు. రాకపోతే సాయంత్రం ఇంటికెళ్ళి ఎప్పట్లాగే గేదెలకి నీళ్ళు పెట్టు.

పాస్టర్ గారితో మాత్రం ఈ ఆదివారమే మాట్లాడు, పోస్టర్లో నీ ఫోటో పడకముందే. "అయ్యగారూ బాప్తిస్మం తీసుకుంటాను, యూత్ మీటింగ్‌లో కుర్చీలు వేస్తాను, భోజనాల దగ్గర వడ్డిస్తాను, మైకు మాత్రం ఇప్పుడే వద్దు, ఇంట్లో తీర్చాల్సిన బాకీ ఉంది" అను. ఎందుకని అడిగితే చెల్లి పేరు ఎత్తకుండా ఇంతవరకే చెప్పు. ఆయన ఇంకా పట్టుబట్టినా వద్దనే చెప్పు, గొంతు పెంచకుండా.